మూడువందల యాభై ఎనిమిదో గది

ఫోర్ ట్వంటీ పొద్దుటే వచ్చి మా వసారాలో కూర్చున్నాడు. తెల్ల పంచె, ఇస్త్రీ లాల్చీ, వేలికి పగడపుటుంగరం. చూడగానే ఎవరికైనా నమ్మబుద్ధేసే ముఖం. ఇన్నాళ్ళూ ఆ ముఖంతోనే ఉద్యోగం చేశాడు కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోను.

"నా పోస్టు పోయిందమ్మా," అంటాడు. "కొత్త చట్టం మూడువందల యాభై ఎనిమిదితో ఆగిపోయింది. నా దాకా రానేలేదు."

నిజమే. పాత శిక్షాస్మృతిలో మోసానికి సెక్షన్ ఇతనే. ఊళ్ళో మోసగాణ్ణి తిట్టడానికి జనం వాడే పేరూ ఇతనిదే. ఇప్పుడు మోసానికి మూడువందల పద్దెనిమిది వచ్చింది. ఇతను సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

నా పేరు తవిటమ్మ. హెడ్ కానిస్టేబుల్ని. జబ్బ మీద మూడు పట్టీలున్నాయి. రేపు ఏఎస్సై ప్రమోషన్ పరీక్ష. నెగ్గితే పట్టీలు పోయి భుజం మీదికి నక్షత్రం వస్తుంది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. ఇన్నేళ్ళూ స్టేషన్లో నేను రైటర్ని. స్పాట్‌కి వెళ్ళి అడిగేవాళ్ళు వేరు, వాళ్ళు అడిగొచ్చింది రాసేదాన్ని నేను. నాకు అడిగేదాన్ని కావాలని ఉంది. ఇందులో సిగ్గేం లేదు, ఆ నక్షత్రం నాకు చాలా కావాలి. వస్తుందనీ తెలుసు. మెతుకు పట్టుకుంటే అన్నం ఉడికిందో లేదో తెలియదూ, అలా తెలుసు.

చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి మా ఇల్లూ నా బుర్రా ఒకటే అయిపోయాయి. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు నాకు గుర్తుంటారు. గడప దాటినవాళ్ళను మరిచిపోతాను. మొన్న మా అత్త, సాక్షుల వాంగ్మూలం సెక్షన్‌ని కరివేపాకు తెమ్మని బజారుకు పంపింది. అతను తిరిగొచ్చేదాకా సాక్షి అనే మాటే నాకు తట్టలేదు.

అందుకని ఫోర్ ట్వంటీని పొమ్మనలేదు. మధ్యాహ్నానికి మిగతావాళ్ళూ వచ్చారు. వన్ ఫార్టీ ఫోర్ లాఠీతో వచ్చాడు. ఇదివరకు ఇతని పేరు మైకులో చెబితే చాలు, వీధిలో గుంపంతా చెదిరిపోయేది. ఆ అలవాటు పోక, మా వసారాలో ఐదో మనిషి కూర్చోగానే లేచి నిలబడతాడు. అప్పుడు అందరూ లేచి తలో దిక్కూ పోతారు. కాసేపటికి మళ్ళీ వస్తారు.

చివరికి త్రీనాట్‌టూ వచ్చాడు. హత్య సెక్షన్ అతను. గుమ్మం పట్టనంత మనిషి. నులక మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. కొత్త చట్టంలో ఆ నంబరుకు, మతం విషయంలో ఎదుటివాళ్ళ మనసు నొప్పించేలా మాట్లాడినవాళ్ళను చూసుకునే పని ఇచ్చారట.

"కత్తులు పట్టుకున్న చేతులివి," అంటాడు. "ఇప్పుడు మాటలు పట్టుకోమంటున్నారు. మాట ఎటువైపు పదునుగా ఉంటుందో నాకేం తెలుసు?"

మా అత్త అప్పాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

"ఓలమ్మీ, ఈల్లంతా ఎవుల్లే?"

"పాత సెక్షన్లత్తా. ఉద్యోగాలు పోయాయి."

"తిన్నారేటి?"

"అడగలేదు."

"అడక్కుండా కూకోబెట్టీసినావా? మీ పోలీసోల్లంతా ఇంతేనే తల్లీ. రాసీడమే గానీ అడగడం ఉండదు."

మా అత్తకు సెక్షన్లు తెలియవు గాని, చుట్టాలు తెలుసు. అందరికీ గంటి అంబలి పోసి, నంజుకోడానికి ఉల్లిపాయ ఇస్తుంది. వన్ ఫార్టీ ఫోర్‌ని మాత్రం ప్రత్యేకంగా చూస్తుంది. కొత్త నేర విచారణ చట్టంలో అతనికి భార్యాబిడ్డలకూ, కన్నవాళ్ళకూ మనోవర్తి ఇప్పించే పని పడిందని నేను చెప్పాను మరి.

"కర్ర పట్టుకోని తరిమీవోడు బియ్యం ఇప్పిత్తన్నాడా? మంచోడైపోనాడు," అని ఇంకో గరిటె పోస్తుంది.

సాయంత్రానికి కొత్తవాళ్ళు దిగారు. కుర్రకారు. బూట్లు తళతళలాడుతున్నాయి. ఎవరి రేకుపెట్టె వాళ్ళే మోసుకొచ్చారు. వీళ్ళకింకా ముద్దుపేర్లు పడలేదు కాబట్టి నూట మూడు, నూట తొమ్మిది అని పూర్తిగా పిలవాల్సి వస్తోంది. ఒక్కొక్కరూ తమ గదిని తామే తెచ్చుకున్నారు. గోడలు మడతపెట్టి పెట్టెలో పెట్టుకొచ్చి, మా ఇంటి వెనక విప్పుకుని నిలబెట్టుకుంటున్నారు.

దాంతో ఇల్లు వెనక్కి సాగుతోంది. వంటింట్లో కాచిన టీ వసారాకి వచ్చేసరికి చల్లారిపోతోంది. మా అత్త ఇంట్లోనే సైకిలు తొక్కడం నేర్చుకుంది. సైకిలు గంట వినపడితే భోజనం వస్తోందని అర్థం.

గదులకేం, కావలసినన్ని ఉన్నాయి. మంచాల దగ్గరే తంటా వచ్చింది. హత్యకు ఒక్కటే మంచం. కొత్త చట్టంలో హత్య సెక్షన్ నూట మూడు. వచ్చీ రాగానే దాని మీద దుప్పటి పరుచుకుంది. సన్నగా, నిటారుగా ఉండే అమ్మాయి. త్రీనాట్‌టూ ఆ మంచం దిగడు. నేను రోల్‌కాల్ పిలుస్తాను.

"హత్య!"

"హాజర్!" అంటారు ఇద్దరూ ఒకేసారి.

"మోసం!"

"హాజర్!" ఇక్కడా ఇద్దరే. ఫోర్ ట్వంటీ గొంతే ముందు వినపడుతుంది, నమ్మబుద్ధేసే గొంతు కదా.

పరీక్షలో ఇలా పలికితే నా పని గోవిందా. ఒక్క ప్రశ్నకు ఒక్క నంబరే రాయాలి.

తెల్లారి నా తోటి హెడ్డు దాలినాయుడు పోలీసు జీపు వేసుకుని వచ్చాడు. ముందూ వెనకా బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. బంపరుకు పెద్ద మోకు ఉంది. మా డిపార్టుమెంటులో ఎవరైనా రిటైరైతే ఆయన్ని ఇలా పూలజీపులో కూర్చోబెట్టి, ఇంజను ఆపేసి, స్టాఫంతా మోకు పట్టి గేటు దాకా లాగుతాం. లాగేటప్పుడు నవ్వుతాం, గేటు దాటాక ముక్కులు చీదుకుంటాం.

"నా పాతోల్లందర్నీ రాయగడ పాసింజరెక్కించీసినాను," అంటాడు దాలినాయుడు. "ఒక్కడు నేడు. బుర్ర సుబ్బరంగున్నాది, ఇను." నెత్తి మీద మొట్టుకుంటాడు. ఖాళీ బిందె మోగినట్టు మోగుతుంది. "నువ్వూ పంపీ తవిటమ్మా. నేదంటే పరీచ్చలో నీ సేత ముసిలోల్లే రాయించీస్తారు."

అతను చెప్పింది సబబుగానే ఉంది. నేను పాతవాళ్ళను జీపెక్కిస్తాను. త్రీనాట్‌టూ ఎక్కగానే టైర్లు నేలకంటుకుపోతాయి. ఫోర్ ట్వంటీ ముందు సీట్లో కూర్చుని తన దండ సరిచేసుకుంటాడు. నేను మోకు భుజానికి వేసుకుని గేటు వైపు లాగుతాను. నా కాళ్ళు ముందుకు పడవు. బరువు వల్ల కాదు. వాళ్ళు గేటు దాటితే, నేను ఇన్నేళ్ళూ ఆ నంబర్ల కింద రాసిన మనుషులంతా వాళ్ళతో పాటే నా బుర్రలోంచి పోతారు. అది నాకిష్టం లేదు.

సైకిలు గంట వినపడుతుంది. మా అత్త.

"పెద్దోల్లని అలగ గేటు కాడికి లాగీడమేటే? సివరాకరి గది కాలీగా ఉంది కదా. అందల ఉండనీ."

"ఏ గది?"

"మూడొందల యాబైయెనిమిదో గది. నానక్కడే ఉల్లిపాయలారబోత్తన్నాను."

"ఆ గది ఎవుడు సదువుతాడు?" అని నవ్వుతాడు దాలినాయుడు. "అది పరీచ్చలో రాదు."

నేను మోకు తిప్పుకుని జీపును ఇంట్లోకి లాగుతాను. ఇప్పుడు కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. దారిపొడుగునా కొత్తవాళ్ళు తమ తమ గుమ్మాల్లో సావధాన్‌లో నిలబడి పెద్దవాళ్ళకు సెల్యూట్ కొడుతున్నారు. హత్య గది ముందు నూట మూడు ఒక బంతిపువ్వు ఊడి పడితే తీసి త్రీనాట్‌టూ చేతికిస్తుంది. ఇల్లు దాటడానికి చాలాసేపు పడుతుంది.

చివరి గది గుమ్మం మీద రెండు మాటలు రాసి ఉన్నాయి. రద్దు, మినహాయింపు. ఎన్నిసార్లో ఈ మాటలు చదివాను, రెండూ రెండు తలుపులని ఇప్పుడే తెలిసింది. రద్దు ముందు తలుపు. అది దాటుతుంటే పాతవాళ్ళ భుజాల మీది ఇత్తడి నంబర్లు టపటపా రాలిపోతాయి. మినహాయింపు వెనక తలుపు. అది తెరిస్తే ఒక పెద్ద వసారా, ఉల్లిపాయల వాసన, బల్లల మీద వరసగా కూర్చుని ఎదురుచూస్తున్న జనం.

వాళ్ళను నేనెరుగుదును. అందరూ నా చేతి రాతలో ఉన్నవాళ్ళే. త్రీనాట్‌టూ జీపు దిగి తనవాళ్ళ మధ్య నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. ఫోర్ ట్వంటీ మాత్రం చీటీపాటలో మునిగినవాళ్ళ పక్కన దర్జాగా కూర్చుని కాలు మీద కాలేసుకుంటాడు.

"మన కోర్టుల్లో పెండింగు కేసులుండగా నాకు రిటైర్మెంటేమిటమ్మా?" అంటాడు. "మనవలు కూడా నన్ను ఇక్కడే చూస్తారు."

నేను వెనక తలుపు దగ్గరగా వేస్తాను. గొళ్ళెం మాత్రం పెట్టను. ముందు గదిలోకొచ్చి రోల్‌కాల్ పిలుస్తాను. హత్య. "హాజర్," అంటుంది నూట మూడు ఒక్కతే. ఎక్కడో దూరంగా ఇంకో దగ్గు వినపడుతుంది, అంతే.

పరీక్ష పరేడ్ గ్రౌండులో మొదలవుతుంది. పరీక్షాధికారి ఒక టోపీ. టోపీ కింద మనిషి లేడు, గొంతు ఉంది. స్క్వాడ్‌కు కమాండ్లు ఇమ్మంటుంది. నేను కడుపులోంచి గొంతు తెచ్చి "దైనే ముడ్" అంటాను. స్క్వాడ్‌తో పాటు గ్రౌండు కూడా కుడికి తిరుగుతుంది. ఎదురుగా ఉన్న సూర్యుడు ఎడమ చెవి దగ్గరికొస్తాడు. "పీఛే ముడ్" అంటే కుడి చెవి దగ్గరికెళతాడు. "థమ్" అంటాను. ఆగుతాడు.

"కమాండ్ బాగుంది," అంటుంది టోపీ. "సూర్యుణ్ణి ఎక్కడున్నవాణ్ణి అక్కడ పెట్టెయ్యండి, మిగతా అభ్యర్థులకు కావాలి."

పెట్టేసి హాల్లోకి వెళతాను. ప్రశ్నపత్రాలు లేవు. ఒక్కొక్కరి బల్ల మీదా ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లుంగీ, బనీను, పక్కన గుడ్డసంచీ. అందరి బల్లల మీదా అదే మనిషి. టోపీ ప్రశ్న చదువుతుంది.

"క అనే వ్యక్తి, చ అనే వ్యక్తిని సంతలో కత్తితో పొడిచి చంపాడు. సెక్షన్ రాయండి."

ఇంతకంటే తేలిక ప్రశ్న లేదు. హాలంతా కలాల చప్పుడు. పక్క బల్ల దగ్గర దాలినాయుడు అప్పుడే రాసేసి మీసం దువ్వుకుంటున్నాడు. చూసి రాసేవాళ్ళను పట్టుకోవడానికి ఫోర్ ట్వంటీని పిలిపించారు. బల్లల మధ్య తిరుగుతూ, "మోసం చేస్తే నాకు తెలిసిపోతుంది, ఇంటి విద్య," అని అందరికీ చెబుతున్నాడు.

నేను నూట మూడుని పిలుస్తాను. బయల్దేరింది, బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. ఈలోగా బల్ల మీది మనిషిని చూస్తాను. చ ముఖం నా వైపే తిరిగి ఉంది. సంచీలోంచి వంకాయలు తొంగిచూస్తున్నాయి. రాసీడమే గానీ అడగడం ఉండదని నిన్న మా అత్త అన్న మాట నా చెవిలో మెదులుతుంది. నా నోరు ఇంతవరకూ చెయ్యని పని చేస్తుంది.

"మీరెప్పుడు పోయారండీ?"

కలాలన్నీ ఆగిపోతాయి. చ రెండు మోచేతుల మీదా ఆనుకుని కొంచెం లేస్తాడు.

"ఎన్ని పరీచ్చల్లో సచ్చానో, ఈ మాట ఎవులూ అడగనేదు మేడమ్," అంటాడు. "జూన్ నెలాకరు ఆదోరం సంతలో. మర్నాడు సోమారం నుంచి కొత్త సట్టం వొత్తాదని మైకులో సెప్తన్నారు. ఇనుకుంటా వంకాయలేరుతన్నాను. ఎనకాల్నించొచ్చి పొడిసీసినాడు."

నూట మూడు గుమ్మంలోకొచ్చి సెల్యూట్ కొట్టింది. నేను చెయ్యెత్తి ఆపుతాను.

"నువ్వు కాదమ్మా. ఈయన నీకంటే ఒక్కరోజు ముందు పోయారు."

"సరే మేడమ్," అంటుంది, ఏమాత్రం నొచ్చుకోకుండా. "నేను సోమవారం నుంచి."

పాత చట్టం ఉన్నప్పుడు జరిగినదానికి పాత చట్టమే. చివరి గది గుమ్మం మీది మినహాయింపు అంటే అదే. నేను హాలు వెనక గోడ వైపు తిరిగి, గ్రౌండులో పిలిచిన గొంతుతోనే పిలుస్తాను.

"త్రీనాట్‌టూ!"

గొంతు మా ఇంటి గదులన్నీ దాటుకుంటూ వెళ్ళడం వినపడుతుంది. ఎక్కడో మంచం కిర్రుమంటుంది.

"టైమైపోతోంది," అంటుంది టోపీ.

"మా ఇల్లు పొడుగండి. వస్తున్నాడు."

నాకు కంగారు లేదు. అంబలి పోసిన ఇల్లు పిలిస్తే ఎవరైనా రాకుండా ఉండరు. నేల అదరడం మొదలవుతుంది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, చెవిలో బంతిపువ్వుతో త్రీనాట్‌టూ వచ్చి నా బల్ల ముందు ఆగుతాడు. పెద్ద అరచెయ్యి తీసి చ గుండె మీద పెడతాడు.

అప్పుడు చ అనే అక్షరం సాగుతుంది. ముందు సున్నా తగిలించుకుంటుంది, తర్వాత గుడి కట్టుకుంటుంది, తర్వాత పక్కన ఇంకో అక్షరం, ఇంకోటి.

"చింతాడ సన్యాసిని మేడమ్," అంటూ లేచి కూర్చుంటాడు. బతికినందుకు కాదు, పేరు చెప్పుకోడానికి. లుంగీ దులుపుకుని ఇంకోసారి చెబుతాడు. ఈసారి ఇంకొంచెం గట్టిగా. నాకు చాలా సంతోషంగా ఉంది.

దాలినాయుడు నా వైపు వంగుతాడు. ఫోర్ ట్వంటీ కర్రతో బల్ల మీద కొడతాడు.

"నాకేసి చూడకు," అంటాను. "నీ బల్ల మీద ఉన్నాయన్ని పలకరించు."

దాలినాయుడు ఫోర్ ట్వంటీ ముఖం చూస్తాడు.

"పలకరించడం మోసం కిందికి రాదు," అని ఫోర్ ట్వంటీ తీర్పు చెబుతాడు.

దాలినాయుడు పలకరిస్తాడు. విని, లేచి, కిటికీ తెరుస్తాడు. కిటికీ అవతల ప్లాట్‌ఫారం ఉంది. రాయగడ పాసింజరు ఎప్పటిలాగే లేటు, ఇంకా కదల్లేదు. దాని కిటికీల్లోంచి అతని పాతవాళ్ళంతా వేరుసెనక్కాయలు వొలుచుకుంటూ ఇటే చూస్తున్నారు. "దిగిరండర్రా బాబూ, తప్పైపోనాది," అని దాలినాయుడు అరుస్తాడు. లేటు రైలు కూడా ఒక్కోసారి మేలే చేస్తుంది.

బల్లబల్ల దగ్గరా పలకరింపులు మొదలవుతాయి. హాలంతా చింతాడ సన్యాసులు లేచి కూర్చుని, ఒకరికొకరు వంకాయలు చూపించుకుంటున్నారు.

టోపీ నా దగ్గరికి వస్తుంది.

"మీకింకా ఒక ప్రశ్న ఉంది. దాని తర్వాతే నక్షత్రం. ఆ ప్రశ్న మీ ఇంట్లోనే ఉంది."

నేను ముందు, టోపీ వెనక. మూడువందల యాభై ఎనిమిదో గది దాటి వెనక వసారాలోకి వెళతాం. మా అత్త పంక్తి వేసింది. విస్తళ్ళు కనుచూపు మేర ఉన్నాయి. ప్రతి విస్తరి ముందూ ఒక అక్షరం కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ ప్రశ్నల్లో పొడిపించుకున్నవాళ్ళు, దోపిడీ అయినవాళ్ళు, మోసపోయినవాళ్ళు, అందరూ. నేను ఒక్కొక్కరి ముందూ వంగి అడుగుతాను. ఎప్పుడు? ఎక్కడ? అక్షరాలు సాగి పేర్లవుతున్నాయి. గ గంటా బంగారమ్మ అవుతుంది. మ మజ్జి లోకనాథం అవుతాడు. పేరు వచ్చినవాళ్ళకు మా అత్త పప్పు వడ్డిస్తుంది. నేను అడిగి అలిసిపోవడం లేదు. నేను ఈ పనికే పుట్టాను.

పంక్తి చివర, గోడ వారగా, ఒక అక్షరం ముడుచుకుని కూర్చుని ఉంది. గుర్తుపట్టడానికి కాస్త సమయం పడుతుంది. చిన్నప్పుడు బళ్ళో అలు, అలూ అని రాగం తీసేవాళ్ళం. తర్వాత పిల్లల పుస్తకాల్లోంచి తీసేశారు. ఌ. దానితో ఏ పేరూ మొదలవదు. అందుకే ఏ ప్రశ్నలోనూ అతన్ని ఎవరూ చంపలేదు, దోచుకోలేదు.

నేను అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను.

"మీరెప్పుడు పోయారండీ?"

అతను తలెత్తి నన్ను చూస్తాడు. చుట్టూ చూస్తాడు, తననే అడుగుతున్నానా అని.

"నాను పోనేదమ్మా," అంటాడు. "పోయాననుకోని ఈ వరసలో కూకోబెట్టీసినారు. ఎవులూ అడగనేదు."

"ఆఖరి ప్రశ్న ఇదే," అంటుంది టోపీ. మా అత్త సైకిలు దిగి, గరిటె పట్టుకుని, అతని విస్తట్లో అందరికంటే ఎక్కువ పప్పు వేస్తుంది. నా జబ్బ మీది పట్టీలు మూడూ ఒకదాని వెనక ఒకటి కిందికి జారి, ఉల్లిపాయల్లో పడతాయి.

నేను కుడి భుజం వంచుతాను. ఌ విస్తరితో సహా ఎక్కి నక్షత్రం ఉండాల్సిన చోట కూర్చుంటాడు. బరువే లేడు. టోపీ గాల్లో లేచి సెల్యూట్ కొడుతుంది, పంక్తిలో పేర్లన్నీ లేచి నిలబడతాయి, వాళ్ళ వెనక త్రీనాట్‌టూ కూడా నిలబడతాడు. నేను మెడ తిప్పి చూస్తాను. ఌ కాళ్ళు కిందికి వేలాడేసుకుని, తొందరేమీ లేకుండా, పప్పన్నం కలుపుకుంటున్నాడు.